పాత సిస్టమ్ కూడా అమానతే



కంప్యూటర్ల గురించి రాస్తున్నాను కదా అని ఈ పోస్టును ఇంట్లో పిల్లలకు వదిలేయకండి. ఉర్దూ పత్రికలు నడిపినవాళ్లు, మద్రసాల రికార్డులు చూసేవాళ్లు, తెలుగులో ఇస్లామీ పుస్తకాలు, కరపత్రాలు కంపోజ్ చేయించినవాళ్లు దీన్ని తప్పకుండా చదవాలని నా గుజారిష్. గత ముప్పై ఏళ్లుగా మన రెండు జబాన్‌లలో అచ్చయిన దాంట్లో చాలా భాగం ముందు కంప్యూటర్ ఫైలుగానే పుట్టింది. కాగితం మీదికి వచ్చింది దాని నఖల్ మాత్రమే. అసలు నుస్ఖా ఎక్కడో ఒక ఫ్లాపీలోనో, మూలన పడేసిన హార్డ్ డిస్కులోనో ఉంది. దాన్ని తెరవగల సిస్టమ్‌లు మాత్రం మన కళ్ల ముందే మాయమవుతున్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ఫైలు అమానత్ అయితే, దాన్ని తెరిచే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అమానతే. దాని హిఫాజత్‌కు ఒక మంచి తరీఖా ఇప్పటికే ఉంది. దాని పేరు ఎమ్యులేషన్. మన దగ్గర కొరతగా ఉన్నది టెక్నాలజీ కాదు, ఇజాజత్.

ముందు ఇంగ్లండ్‌లో జరిగిన ఒక వాఖియా చెబుతాను. అక్కడ 1086లో ఒక బాద్‌షా తన రాజ్యంలోని భూములన్నీ లెక్క రాయించాడు. ఆ కితాబ్ పేరు డూమ్స్‌డే బుక్. తోలు మీద సిరాతో రాసింది. ఈరోజుకీ తెరిచి చదవచ్చు. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ వాళ్లు కొత్త డూమ్స్‌డే తయారు చేశారు. బడి పిల్లలతో సహా పది లక్షల మందికి పైగా తమ ఊరి ఫొటోలు, విశేషాలు పంపారు. అవన్నీ పెద్ద లేజర్ డిస్కుల మీదికి ఎక్కించారు. వాటిని చదవాలంటే ప్రత్యేకమైన ప్లేయర్ కావాలి, దానికి తగిలించిన బీబీసీ మాస్టర్ కంప్యూటర్ కావాలి. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ మషీన్లు దొరకడం గగనమైపోయింది. తొమ్మిది వందల ఏళ్ల తోలు కితాబ్ చదవగలుగుతున్నారు, పదిహేనేళ్ల డిస్కు చదవలేకపోతున్నారు! చివరికి లీడ్స్, మిషిగన్ యూనివర్సిటీల వాళ్లు కలిసి ఆ పాత కంప్యూటర్ లాగే నడిచే ఒక ప్రోగ్రామ్ రాశారు. 2002లో దాని మీద ఆ డూమ్స్‌డే మళ్లీ కళ్లు తెరిచింది.

ఆ ప్రోగ్రామ్‌నే ఎమ్యులేటర్ అంటారు. సూటిగా చెబుతాను. ఏ కంప్యూటర్ అయినా దాని గుండెకాయ ప్రాసెసర్. 'ఈ అంకె తీసుకో, దానికి కలుపు, అక్కడ పెట్టు' అనే చిన్న చిన్న హుకుంలను అది ఒకదాని తర్వాత ఒకటి పాటిస్తుంది. ఏ హుకుంకు ఏం చేయాలో కచ్చితంగా తెలిస్తే, అదే పనిని ఇవాళ్టి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ చేసిపెట్టగలదు. దానికి తోడు పాత మషీను మెమరీ, డిస్కు, తెర, కీబోర్డు అన్నిటికీ నకలు వేషం కట్టాలి. అప్పుడు పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు తాను 2020ల ల్యాప్‌టాప్ లోపల ఉన్నానని తెలియదు. తన ఇంట్లోనే ఉన్నాననుకుని నడుస్తుంది. ఫ్లాపీని, హార్డ్ డిస్కును బిట్టు పొల్లుపోకుండా ఒకే ఫైలుగా తీసిన ప్రతిని డిస్క్ ఇమేజ్ అంటారు. ఎమ్యులేటర్‌కు ఆ ఇమేజే డిస్కు.

ఇదంతా షౌఖీనుల ఆట అనుకునేవాళ్లు యూనిక్స్ కథ వినాలి. ఇవాళ మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్, ఐఫోన్, ఇంటర్నెట్‌ను మోస్తున్న సర్వర్లు అన్నిటి ఖాందాన్ వెతుక్కుంటూ వెళితే 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ దగ్గర తేలతాం. అంతటి సిస్టమ్ తొలి రూపం చాలా కాలం ఎక్కడా నడిచే స్థితిలో లేదు. మిగిలింది 1972 నాటి కెర్నెల్ ప్రోగ్రామ్ కాగితాల మీద అచ్చు మాత్రమే. 2008లో కొందరు వాలంటీర్లు ఆ కాగితాలను స్కాన్ చేసి, అక్షరం అక్షరం సరిచూసి, పాత టేపుల్లో దొరికిన ముక్కలను జోడించి, పీడీపీ-11 అనే పాత మషీనుకు నకలైన సిమ్‌హెచ్ ఎమ్యులేటర్ మీద దాన్ని నడిపించారు.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్‌లో 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ దశాబ్దాల తరబడి చేసింది ఇదే. ఒక అరబీ మఖ్‌తూతాకు దొరికినన్ని నుస్ఖాలు సేకరించడం, ఒకదానితో ఒకటి పోల్చడం, కాతిబ్ చేతిలో జారిన చోట తస్‌హీహ్ చేయడం, హాషియాలో తేడాలు చూపించడం, తర్వాత అచ్చు వేయడం. యూనిక్స్ వాలంటీర్లు చేసింది కూడా ఒక తహ్‌ఖీఖే. ఒక్క ఫరఖ్ ఉంది. కితాబ్‌లో తప్పు మిగిలితే ఆలిమ్ పట్టుకోవాలి. ప్రోగ్రామ్‌లో తప్పు మిగిలితే చాలాసార్లు మషీనే ఆగిపోయి చెబుతుంది. అందుకే నడిపించి చూడటం ముఖ్యం. నడవని ప్రోగ్రామ్ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, అది సరైనదో కాదో పూర్తిగా తెలియదు.

నడిపించి చూస్తేనే తెలిసే సంగతులు ఇంకా ఉన్నాయి. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను నేను ఎమ్యులేటర్‌లో చాలాసార్లు నడిపాను. ఇప్పుడు అందరికీ అలవాటైన 'సీడీ' కమాండ్ దానికి తెలియదు, 'సీహెచ్‌డీఐఆర్' అని పూర్తిగా కొట్టాలి. తప్పు అక్షరం పడితే బ్యాక్‌స్పేస్ పనిచేయదు. హ్యాష్ గుర్తు కొడితే ముందున్న అక్షరం రద్దవుతుంది, ఎట్ గుర్తు కొడితే లైనంతా రద్దవుతుంది. ఇదేం జులుమ్ అనిపిస్తుంది. కారణం ఏమిటంటే, ఆ రోజుల్లో చాలామంది ముందు తెర లేదు, కాగితం మీద టకటకా కొట్టే టెలిటైప్ ఉండేది. కాగితం మీద పడ్డ సిరా ఎలా చెరుగుతుంది? కమాండ్లు రెండు మూడు అక్షరాలతో పొట్టిగా ఉండటానికి కూడా ఆ నిదానమైన మషీనే ఒక కారణం. ఈ ముక్క పుస్తకంలో చదవచ్చు. వేళ్లతో కొట్టి చూస్తే మరచిపోలేం. తారీఖ్ చదవడం వేరు, ఆ జమానాలో కాసేపు కూర్చుని రావడం వేరు.

ఇదే ఆరో ఎడిషన్ మీద ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే ఉస్తాద్ తన విద్యార్థుల కోసం ఒక షరహ్ రాశాడు. తర్వాత లైసెన్సు ఆంక్షల వల్ల దాన్ని బాహాటంగా పంచుకునే వీలు లేకపోయింది. ఏళ్ల తరబడి ఫొటోకాపీకి ఫొటోకాపీగా, నఖల్‌కు నఖల్‌గా చేతులు మారింది. 1996లో గానీ పుస్తకంగా అచ్చు కాలేదు. ఇల్మ్‌కు తాళం వేస్తే అది ఆగదు, దొంగదారిన నడుస్తుంది. ఆ దారిలో అక్షరాలు అలుక్కుపోతాయి, అంతే.

తాళం తీసినప్పుడు ఏమవుతుందో కూడా చూద్దాం. 2002 జనవరిలో, అప్పటికి ఆ పాత యూనిక్స్‌ల హఖ్ చేతిలో ఉన్న కాల్డెరా కంపెనీ వాటిని ఎవరైనా వాడుకోవచ్చంటూ లైసెన్సు ఇచ్చింది. యూనిక్స్ కంటే ముందుది, యూనిక్స్‌కు పెద్దన్న లాంటిది మల్టిక్స్. దాని చివరి మషీను 2000 అక్టోబర్‌లో కెనడాలో ఆగిపోయింది. 2007లో బుల్ కంపెనీ ఆ సోర్స్ కోడ్‌ను ఎంఐటీ ద్వారా విడుదల చేసింది. దాని ఆధారంగా కొందరు ఆ మషీనుకు ఎమ్యులేటర్ రాశారు. ఇవాళ ఒక మామూలు ల్యాప్‌టాప్ మీద మల్టిక్స్ లేచి సలాం చెబుతుంది. మైక్రోసాఫ్ట్ కూడా పాత ఎంఎస్-డాస్ సోర్స్‌ను 2014లో అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా చూపించింది. 2018లో దాన్నే పూర్తి స్వేచ్ఛతో ఇచ్చింది, 2024లో డాస్ 4.0ను కూడా చేర్చింది. వీటిలో ఏ కంపెనీ కూడా దీనివల్ల దివాలా తీయలేదు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఉర్దూ నస్తాలీఖ్‌ను కంప్యూటర్ ఎక్కించడం ఎంత కష్టమో మీకు తెలుసు. అక్షరాలు వరుసగా నిలబడవు, ఏటవాలుగా ఒకదాని భుజం మీద ఒకటి దిగుతాయి. మీర్జా అహ్మద్ జమీల్ చేతి నుంచి వచ్చిన నూరీ నస్తాలీఖ్‌లో అక్షరాల జోడింపులు వేల సంఖ్యలో ఉన్నాయి. 1981లో లాహోర్ జంగ్ పత్రిక దానితోనే కంప్యూటర్ కంపోజింగ్‌లోకి అడుగుపెట్టింది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. ఆ తర్వాత కాతిబ్ సాబ్‌ల కలాలు ఒక్కొక్కటిగా పక్కకు వెళ్లాయి. చిన్న చిన్న ఊళ్లలో కూడా ఉర్దూ అచ్చు సాధ్యమైంది. అల్‌హందులిల్లాహ్, అది పెద్ద మేలే. అయితే పాత ఇన్‌పేజ్ ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఆ సాఫ్ట్‌వేర్‌కే అర్థమయ్యే సొంత లిపి సంకేతాల్లో ఉంటాయి. వేరే దాంట్లో తెరిస్తే పిచ్చి గీతలు.

తెలుగు హాలత్ కూడా అంతే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు కనిపించింది. కానీ డీటీపీ సెంటర్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడిచాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లోనే ఆగిపోయింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల చెత్త కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే డాస్ కాలం. డాస్‌కు మన లిపులు రావు. అందుకే సీడాక్ వాళ్లు జిస్ట్ కార్డు అనే ప్రత్యేకమైన ఎలక్ట్రానిక్ కార్డు తయారు చేశారు. దాన్ని కంప్యూటర్‌లో బిగిస్తే భారతీయ లిపులు తెర మీద కనిపించేవి. ఇక్కడ ఎమ్యులేషన్‌కు అసలైన ఇంతిహాన్ ఎదురవుతుంది. డాస్‌ను నడిపే ఎమ్యులేటర్లు కావలసినన్ని ఉన్నాయి. కానీ ఆ కార్డు లోపల ఏం జరిగేదో వివరాలు తెలియకపోతే డాస్ లేస్తుంది, మన అక్షరం లేవదు. ఇంగ్లిష్ ప్రోగ్రాములు, ఆటలు ప్రపంచమంతా కలిసి కాపాడుకుంటుంది. జిస్ట్ కార్డును కాపాడే ఫికర్ మనకు తప్ప ఎవరికి ఉంటుంది?

దీనికి ఎదురు మాటలు మూడు వింటుంటాను.

మొదటిది: 'పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే సరిపోదా భాయ్?' చేయండి, ఇవాళే చేయండి. కానీ పీడీఎఫ్ మనిషి ఫొటో లాంటిది, మనిషి కాదు. పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో ఒక పదం వెతికితే చాలాసార్లు దొరకదు, కాపీ చేస్తే మళ్లీ అదే చెత్త వస్తుంది. రెండో ముద్రణకు ఒక్క వాక్యం సరిచేయాలన్నా అసలు ఫైలే కావాలి. పైగా పీడీఎఫ్ చేయాలన్నా ముందు ఆ ఫైలు తెరవాలి కదా! తెరిచే సిస్టమ్ లేనప్పుడు ఆ సలహా ఎందుకు పనికొస్తుంది?

రెండోది: 'పాత కంప్యూటర్ ఒకటి మూలన ఉంచుకుంటే చాలు.' కెపాసిటర్లు ఉబ్బిపోతాయి, బ్యాటరీ కారి బోర్డును తినేస్తుంది. ఫ్లాపీల్లోని అయస్కాంత గుర్తులు ఏటికేడు బలహీనపడతాయి. కాగితానికి దీమక్ పడితే పొడి రాలి కనిపిస్తుంది. ఫ్లాపీకి పట్టిన దీమక్ పైకి కనిపించదు. ఇక కొత్త కంప్యూటర్ కొంటే? 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను నడపదు. విండోస్ 11లో 64-బిట్ తప్ప వేరేది లేనే లేదు. కాబట్టి విండోస్ 3.1 కాలపు సాఫ్ట్‌వేర్‌కు ఇవాళ ఎమ్యులేటరే ఇల్లు.

మూడోది అసలైన ప్రశ్న, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 'పాత సాఫ్ట్‌వేర్ కాపీ చేయడం చోరీ కాదా? ఒకరి హఖ్ తినడం కాదా?' అమానత్‌లో ఖయానత్ చేయకూడదని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. కంపెనీ అమ్ముకుంటున్న సాఫ్ట్‌వేర్‌ను పగలగొట్టి వాడటం తప్పే. మన డీటీపీ సెంటర్లలో అది ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు, దాన్ని నేను సమర్థించను. కానీ ఎవరూ అమ్మని, డబ్బు ఇస్తానన్నా దొరకని సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అందులో చిక్కుకున్నది సాఫ్ట్‌వేర్ కంపెనీ సొత్తు మాత్రమే కాదు. రాసిన ముసన్నిఫ్ హఖ్ ఉంది, చదవబోయే పిల్లల హఖ్ ఉంది. ఒకరి హఖ్ కాపాడే పేరుతో మిగతా ఇద్దరి హఖ్‌ను చీకట్లో వదిలేయడం ఇన్సాఫ్ కాదు.

దీన్ని దారిన పెట్టాల్సింది ఖానూన్. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణ ఒక మంచి సదుపాయం తెచ్చింది. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ భద్రపరచడం కోసం ఒక రచనను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. కానీ షరతు చూడండి: ఆ లైబ్రరీ దగ్గర ఆ రచన డిజిటల్ కాని ప్రతి ముందే ఉండాలి. అంటే కాగితం ఉంటే కంప్యూటర్ ఎక్కించుకోవచ్చు. పుట్టుకతోనే డిజిటల్ అయిన ఫైలుకు, సాఫ్ట్‌వేర్‌కు ఆ దర్వాజా తెరుచుకోదు. సాఫ్ట్‌వేర్‌ను సక్రమంగా కొన్నవాడు నష్టం రాకుండా బ్యాకప్ ప్రతి తీసుకోవచ్చని అదే చట్టం చెబుతుంది. అది కొన్నవాడికి ఇచ్చిన సదుపాయం, ముందు తరాల కోసం దాచే ఖజానాకు చాలదు. అమెరికాలో 2003లోనే, వాడుక పోయిన ఫార్మాట్లలోని ప్రోగ్రాముల తాళం తీయడానికి కొంత మినహాయింపు ఇచ్చారు. 2018లో లైబ్రరీలు, మ్యూజియంలు సాఫ్ట్‌వేర్‌ను భద్రపరచుకునేలా ఇంకో మినహాయింపు వచ్చింది. మన దగ్గర కూడా 'డిజిటల్ కాని ప్రతి' అనే షరతును సడలించాలి. అమ్మకంలో లేని సాఫ్ట్‌వేర్‌ను లైబ్రరీ దాచుకోవచ్చు, చదువు కోసం తన గదిలో నడపవచ్చు అని స్పష్టంగా రాయాలి. ఇది పెద్ద ఇంఖిలాబ్ ఏమీ కాదు, చట్టంలో ఒక చిన్న సవరణ.

చట్టం మారేదాకా ఆగనవసరం కూడా లేదు. హఖ్‌దారులు తలుచుకుంటే ఒక్క ఉత్తరంతో పని అవుతుంది. కాల్డెరా, బుల్ చేసింది అదే. ప్రజల పైసాతో తయారైన జిస్ట్ లాంటి వాటికి సంబంధించిన కాగితాలు, ఫాంట్ల పట్టికలు, పాత సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి పెట్టడంలో సర్కారు పోగొట్టుకునేది ఏముంది? డీటీపీ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీలు కొత్త వెర్షన్లు అమ్ముకోనీ, అది వాళ్ల రోజీ. ఇరవై ఐదేళ్ల కిందటి వెర్షన్‌ను లైబ్రరీలకు ఇస్తే రోజీకి నష్టం లేదు, దుఆలు దక్కుతాయి. హైదరాబాద్‌లోనే మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. అలాంటి చోట ఒక గది, రెండు మూడు కంప్యూటర్లు, ఫ్లాపీ చదివే పరికరం, ఇద్దరు షౌఖ్ ఉన్న పిల్లలు చాలు. పాత ప్రెస్సుల డిస్కులు అక్కడికి చేర్చి, ఇమేజ్‌లు తీసి, పాత విండోస్‌లో తెరిచి, యూనికోడ్‌లోకి మార్చి, అసలు ఇమేజ్‌ను కూడా పక్కనే దాచవచ్చు. మఖ్‌తూతాకు తస్‌హీహ్ చేసినవాడు అసలు మఖ్‌తూతాను పారేస్తాడా?

ఇక మీ వంతు. ఇంట్లో, ప్రెస్సులో, మద్రసాలో, మస్జిద్ కమిటీ ఆఫీసులో పాత కంప్యూటర్ ఉంటే కబాడీకి వేయకండి. వేయక తప్పకపోతే హార్డ్ డిస్కు తీసి ఉంచండి, తెలిసినవాళ్లతో దాని ఇమేజ్ తీయించండి. ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే చాలదు. సాఫ్ట్‌వేర్ సీడీలు, ఫ్లాపీలు, ఫాంట్లు, లైసెన్సు కాగితం, వెనక తగిలించే లాక్ ఉంటే అది కూడా ఒకే సంచిలో పెట్టండి. మీద ఒక చీటీ అంటించండి: ఏ సంవత్సరం, ఏ విండోస్, ఏ సాఫ్ట్‌వేర్, ఎవరి పుస్తకాలు. డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలే ఇచ్చేవారు కాబట్టి ఫైళ్ల పేర్లు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఏ ముక్క ఏ కితాబో కంపోజ్ చేసినవాళ్లు బతికుండగానే అడిగి రాసుకోండి. ఎమ్యులేటర్ మషీనుకు నకలు తయారు చేయగలదు, ఆ కంపోజిటర్ యాద్‌దాష్త్‌కు చేయలేదు.

చీటీ రాయడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ జుమా సెలవులోనే ఆ పని మొదలుపెట్టండి. మీ దగ్గర ఉన్నదేమిటో కింద రాస్తే, దాన్ని ఏ ఎమ్యులేటర్‌లో తెరవవచ్చో నాకు తెలిసినంత మేరకు చెబుతాను, ఇన్షా అల్లాహ్.

ఖుదా హాఫిజ్.